మూడు గంటలకు ఒక క్రెడిట్

గంటల పుస్తకం చుక్కల మేడం చేతికి వచ్చింది సోమవారం ఉదయం, మొదటి బ్యాచ్ పిల్లలు ఇంకా తెల్లకోట్లు తొడుక్కుంటూ ఉండగానే. తెచ్చింది క్రెడిట్ల ఆఫీసరు. అంత పెద్ద ఆఫీసరు స్వయంగా మూడంతస్తులు ఎక్కి రసాయన ల్యాబుకి రావడం ఆవిడ పదకొండేళ్ళ సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. కూర్చోమందామంటే అక్కడున్న కుర్చీ మీద ఆమ్లం పడి సగం కాలిపోయి ఉంది.

"పర్లేదు మేడం, నించునే చెప్తాను," అన్నాడాయన నవ్వుతూ. "క్లాసుకి ఒక లెక్క, ల్యాబుకి ఒక లెక్క, ఆన్‌లైనుకి ఇంకో లెక్క. ఏ పద్ధతిలో చెప్పే కోర్సుకి ఎన్ని గంటలు కలిపితే ఒక క్రెడిట్ అవుతుందో మళ్ళీ మొదట్నుంచీ తేలుస్తున్నాం. మూడు రోజులు మీరు ఏ నిమిషం ఏం చేశారో ఇందులో రాయండి. అంతే."

"ల్యాబులకి పెంచుతారాండీ?" ఆవిడ గొంతులో ఆశ దాగలేదు.

"నిజం రాయండి మేడం. నిజాన్ని బట్టే న్యాయం."

ఆ మాట ఆవిడకి తేనె చుక్కలా తగిలింది. ఎందుకంటే ఆ యూనివర్సిటీలో క్లాసురూములో గంటసేపు పాఠం చెబితే ఒక క్రెడిట్. ల్యాబులో మూడు గంటలు నిలబడితే ఒక క్రెడిట్. వారానికి తొమ్మిది క్రెడిట్లు చెప్పినవాళ్ళే పూర్తికాలపు ఉద్యోగులు. పక్క గదిలోని కుర్ర లెక్చరరు తొమ్మిది గంటలు మాట్లాడి పూర్తికాలం అయ్యాడు. అదే పూర్తికాలం కోసం చుక్కల మేడం తొమ్మిది ల్యాబులు, అంటే ఇరవై ఏడు గంటలు కాళ్ళ మీదే ఉండేది. ఆ పైన గాజుసామాను కడిగించడం, ద్రావణాలు కలపడం, రికార్డులు దిద్దడం లెక్కలోకే రావు. అయినా ఆవిడ ఎన్నడూ నోరెత్తలేదు. పూర్తికాలపు ఉద్యోగి పిల్లలకి అక్కడే ఉచితంగా సీటు ఇస్తారు. ఆవిడ ఒక్కగానొక్క కూతురు అదే ఆవరణలో, నాలుగో భవనంలో, ఆర్కిటెక్చర్ రెండో సంవత్సరం చదువుతోంది.

చుక్కల మేడం అన్న పేరు పిల్లలు పెట్టింది. బ్యూరెట్ గొట్టంలోంచి ద్రావణం బొట్టుబొట్టుగా వదులుతూ రంగు మారేచోట ఆపమంటుంది. ఒక్క చుక్క ఎక్కువైతే చాలు, పారబోయించి మళ్ళీ మొదలుపెట్టిస్తుంది. "ఒక్క చుక్కే కదా మేడం" అన్నవాళ్ళతో, "ఒక్క చుక్కే అబద్ధం కదా నాన్నా" అంటుంది. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

అలాంటి మనిషి చేతికి నిమిషాల పుస్తకం ఇస్తే ఎలా రాస్తుందో చెప్పాలా? పుస్తకంలో మూడు గళ్ళున్నాయి: బోధన, తయారీ, ఇతరం. జేబులో చిన్న పెన్సిలు పెట్టుకుని ఆవిడ ఎక్కడికక్కడే రాసింది. ప్రయోగం వివరించిన పద్నాలుగు నిమిషాలు బోధన. ఒకమ్మాయికి పిపెట్ గొట్టం పట్టుకోవడం చేయి పట్టి చూపిన నాలుగు నిమిషాలు బోధన. తర్వాత అన్ని బల్లల మీదా గాజు ఫ్లాస్కులు మరగడం మొదలైంది. పిల్లలు థర్మామీటర్లు చూసుకుంటూ నిలబడ్డారు. ఆవిడ గది మధ్యలో చేతులు కట్టుకుని నిలబడింది. చూస్తోంది, అంతే. మాట్లాడటం లేదు, చూపించడం లేదు. కాసేపు ఆలోచించి "ఇతరం" గడిలో రాసింది: పద్దెనిమిది నిమిషాలు.

మధ్యాహ్నం బ్యాచ్‌లో అలా చేతులు కట్టుకుని నిలబడి ఉండగానే చివరి బల్ల దగ్గర ఒక కుర్రాడు మంట పక్కకి స్పిరిట్ సీసా జరపడం కంటబడింది. నాలుగు అంగల్లో వెళ్ళి సీసా లాగేసింది. వాడికింకా ఏం జరిగిందో కూడా తెలియలేదు. "మంటకీ దీనికీ మధ్య ఎంత దూరం ఉండాలి?" అని అడిగింది. వాడు చేయి చాపి చూపించాడు. పుస్తకం తీసి రాసింది: బోధన, అర నిమిషం. దాని ముందటి ఇరవై రెండు నిమిషాలు, తర్వాతి పంతొమ్మిది నిమిషాలు ఇతరం.

మర్నాడు టీ వేళకి గాజు బాబాయ్ గదికి వెళ్ళింది. ఆయన పై అంతస్తు ల్యాబు చూస్తాడు. పగిలిన గాజు గొట్టాలు మంట మీద కాల్చి అతికించడంలో ఆయన తర్వాతే ఎవరైనా. అందుకే ఆ పేరు. ఆవిడ కొత్తగా చేరినప్పుడు గాజు కోయడం దగ్గర్నుంచీ పని నేర్పింది ఆయనే. మోకాళ్ళు అరిగిపోయి మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటాడు గానీ నోరు మాత్రం పాతికేళ్ళవాడిది.

ఆయన పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. పొద్దున తొమ్మిదికి "బోధన" అని రాసి, అక్కడ్నుంచి పన్నెండు దాకా ఒక్క గీత నిలువునా లాగేశాడు.

"ఇదేంటి బాబాయ్! మూడు గంటలూ పాఠమే చెప్పావా?"

"చెప్పకపోతే మటుకు? ఇరవై మంది పిల్లలు, ఇరవై మంటలు. నేను గుమ్మం దాటితే ఎవడి జుట్టు ఎప్పుడు అంటుకుంటుందో తెలీదు. కన్ను ఆర్పకుండా చూడటం పని కాదూ?"

"పనే. కానీ బోధన కాదు కదా."

"మరి నువ్వేం రాశావే?"

చూపించింది. ఆయన కళ్ళజోడు పైకెత్తి, పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదివాడు. ఇతరం, ఇతరం, ఇతరం. పుస్తకం మూసి ఆవిడ చేతిలో పెట్టాడు. నవ్వలేదు.

"తల్లీ, వాళ్ళు అడిగింది నీ బుద్ధి ఎంత మంచిదని కాదు."

ఆవిడ తల వంచుకుంది గానీ ఒక్క గడి కూడా మార్చలేదు. కిందికి వస్తుంటే కుర్ర లెక్చరరు క్యాంటీన్ బల్ల దగ్గర కూర్చుని మూడు రోజుల పుస్తకం ఒక్క విడతలో నింపేస్తున్నాడు. రేపటిది కూడా. ప్రతి గంట పాఠం పక్కనా "తయారీ: రెండు గంటలు" అని దించుకుంటూ పోతున్నాడు. "మేడం, తయారీ అంటే స్నానం చేసేటప్పుడు పాఠం గురించి ఆలోచించడం కూడా వస్తుందా?" అని కన్నుగీటాడు.

ఇంట్లో భోజనాల దగ్గర ఈ సంగతే వచ్చింది. ఆవిడ భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. విని ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు.

"లిఫ్టు ఆగిపోయిందంటే నేను ఇరవై నిమిషాలు ఊరికే చూస్తాను. తర్వాత రెండు నిమిషాల్లో బిగించేస్తాను. కాగితం మీద ఏం రాస్తానో తెలుసా? రిపేరు, ఇరవై రెండు నిమిషాలు. అది అబద్ధమా?"

"మీది వేరు."

"ఏం వేరు?"

కూతురు పళ్ళెంలోంచి తలెత్తింది. "అమ్మా, ఖాళీగా నించున్నానని నీ అంతట నువ్వే రాసిస్తావా? ఎవరైనా రాస్తారా అలా?"

"నా పిల్లల చేత చుక్క చుక్కా లెక్కపెట్టించి, నేను మూడు గంటలు ఒక్క గీతతో కొట్టేయనా?" అంది ఆవిడ. బుధవారం సాయంత్రం ల్యాబు తాళం వేసి, పుస్తకం కవరులో పెట్టి, మొదటగా ఇచ్చివచ్చింది ఆవిడే.

శుక్రవారం ఉదయం ఆఫీసరు కబురు చేశాడు. ఆ గదిలో కుర్చీలన్నీ మెత్తనివి. ఆవిడ అంచు మీద కూర్చుంది.

"మేడం, మీకు చేతులెత్తి దండం పెట్టాలి," అంటూ మొదలుపెట్టాడాయన. "అరవై పుస్తకాలు వచ్చాయి. అన్నీ గీతలే. నిమిషం నిమిషం రాసింది మీరొక్కరే. కమిటీ మొత్తం మీ పుస్తకం చుట్టూ మూగిందంటే నమ్మండి. ల్యాబులన్నిటికీ మీదే ప్రమాణంగా తీసుకున్నాం."

ఆవిడ మొహం వెలిగింది. ఆయన ఒక కాగితం ఆవిడ వైపు తిప్పాడు.

"మూడు గంటల ల్యాబులో బోధన సగటున డెబ్బై ఒక్క నిమిషాలు. మిగిలిందంతా ఇతరం. అందుకని కొత్త లెక్కలో మూడు గంటల ల్యాబుకి అర క్రెడిట్."

ఆవిడకి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తొమ్మిది ల్యాబులకి నాలుగున్నర. నాలుగున్నర అంటే సగంకాలం. సగంకాలం అంటే కూతురి ఉచిత సీటు పోయినట్టే.

"అది… ఇతరం అంటే ఖాళీ అని కాదండీ," అంది చివరికి. "చూస్తూ ఉంటాను. మొన్న ఒక పిల్లాడు స్పిరిట్ సీసా…"

"చదివాను. అర నిమిషం." ఆయన గొంతులో వెటకారం లేదు, జాలే ఉంది. "ఆ అర నిమిషం కోసం మూడు గంటలు లెక్కగట్టలేం కదా మేడం. మీ ప్రయోగాలైతే వీడియో తీసి పెట్టేయొచ్చని కూడా కమిటీ అంది. ఇంతసేపు ఊరికే చూడటమే అయినప్పుడు పిల్లలు తెర మీద చూస్తే పోలేదా అని."

ఆయన కాస్త ముందుకి వంగాడు.

"మిమ్మల్ని వదులుకోం. పరిశీలకురాలు అని ఒక కొత్త పోస్టు పెడుతున్నాం. ఏ క్లాసులో, ఏ ల్యాబులో ఎన్ని నిమిషాలు నిజంగా బోధన జరుగుతోందో కూర్చుని రాయాలి. పూర్తికాలం. మీ అమ్మాయి చదువుకి ఢోకా ఉండదు. సోమవారం పొద్దునకి చెప్పండి చాలు."

ఆ సాయంత్రానికి నోటీసు బోర్డుకెక్కింది. ల్యాబుల వాళ్ళు అయిదుగురూ గాజు బాబాయ్ గదిలో చేరారు. చుక్కల మేడం తలుపు దగ్గరే నిలబడింది. భౌతికశాస్త్రం ల్యాబు చూసే ఆవిడ ఏడుస్తోంది. ఆమె భర్త మంచానపడి రెండేళ్ళు, పూర్తికాలపు వాళ్ళకిచ్చే ఆస్పత్రి కార్డు మీదే నెట్టుకొస్తోంది.

"ఎవరో మనలోనే రాశారట. డెబ్బై ఒకటట! డెబ్బై కూడా కాదు, డెబ్బై ఒకటి! వాళ్ళ చేతులు పడిపోనూ," అంది ఆమె ముక్కు చీదుతూ.

గాజు బాబాయ్ చుక్కల మేడం వైపు చూశాడు. ఆ పుస్తకం ఆయన చదివాడు. ఆ గదిలో ఆ సంగతి తెలిసింది ఆయనొక్కడికే.

"ఎవరైతే ఏంటమ్మా," అన్నాడాయన మెల్లగా. "ఆ మనిషికి మనమీద పగ ఏముంటుంది? నిజమే అనుకుని రాసి ఉంటారు. తిట్టుకుంటూ కూర్చుంటే క్రెడిట్లు రావు. నేను డీన్ దగ్గరికి వెళ్తాను. ఎవరో రాసిన పుస్తకం కాదు, వచ్చి నా ల్యాబు చూసుకోమంటాను. మూడు గంటల్లో సగం, తొంభై నిమిషాలు, బోధన కనపడిందా, పాత లెక్క ఉంచండి. కనపడలేదా, నోరు మూసుకుంటాం."

"నీ మోకాళ్ళతోనా?" అని ఎవరో అన్నారు.

"నోటితో చెప్తానయ్యా పాఠం, మోకాళ్ళతో కాదు," అన్నాడు. ఏడుస్తున్న ఆవిడ కూడా నవ్వింది. అందరూ వెళ్ళాక ఆయన చుక్కల మేడం భుజం తట్టి, "ఇంటికెళ్ళి పడుకో తల్లీ," అన్నాడు. అంతే. ఆయన తిట్టి ఉంటే బాగుండునని మెట్లు దిగుతూ అనుకుంది ఆవిడ.

శని, ఆదివారాలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కూతురు ముందుగదిలో నేల మీద పెద్ద కాగితం పరిచి, బోర్లా పడుకుని, ఏదో గ్రంథాలయానికి నమూనా గీస్తోంది. దాటాలంటే గోడవారగా నడవాలి. రెండు రోజులూ ఆవిడ గోడవారగానే నడిచింది. సోమవారం పొద్దున్నే వెళ్ళి సరేనంది.

ఆఫీసరు సంతోషించాడు. నియామకపు కాగితం అప్పటికే టైపు చేసి ఉంది.

"మీ మొదటి పని రేపే. గాజు బాబాయ్ గారి ల్యాబు. డీన్ ఒప్పుకున్నారు. తొంభై వస్తే పాత లెక్క, రాకపోతే కొత్త లెక్క. మీ అంకె ఎవరూ కాదనరు."

ఆవిడ కలం పట్టుకుని ఆగింది. "తొంభై వస్తే ఈ పోస్టు ఏమవుతుందండీ?"

"పాత లెక్కే ఉంటే ఇక కొలిచేదేముంది? పోస్టు ఉండదు."

"అప్పుడు నేను మళ్ళీ నా ల్యాబులకి…"

"మీవి వీడియోలోకి వెళ్ళిపోయాయిగా మేడం. శుక్రవారమే సంతకాలయ్యాయి. అది వేరే ఫైలు." అని, ఆవిడ మొహం చూసి కంగారుపడ్డట్టు, "అయ్యో, నేనేదో సూచిస్తున్నానని అనుకోకండి. మీరు నిజమే రాయండి. మీరు అబద్ధం రాయరని అందరికీ తెలుసు. అందుకేగా మిమ్మల్ని పెట్టింది," అన్నాడు.

ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడు. ఆవిడకి అందుకే భయం వేసింది. సంతకం పెట్టింది.

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి స్టాప్‌వాచీ మెడలో వేసుకుని పై అంతస్తుకి వెళ్ళింది. గాజు బాబాయ్ గడ్డం గీసుకుని, ఇస్త్రీ కోటు తొడుక్కుని ఉన్నాడు. ఎవరు వస్తారో ఆయనకి చెప్పలేదు. ఆవిడని చూడగానే కళ్ళు విశాలమయ్యాయి. తర్వాత మెడలో వాచీ చూశాడు. చూసి, పెద్దగా ఊపిరి వదిలాడు.

"నువ్వా! ఎవడో ఏమీ తెలియనివాణ్ణి పంపుతారని రాత్రంతా బెంగ పెట్టుకున్నానే. నువ్వైతే ఇంక నాకేం భయం లేదు. ఉన్నది ఉన్నట్టు రాయి. నాకు ఒక్క నిమిషం కూడా అరువు వద్దు."

ఆవిడ మూల బల్ల దగ్గర కూర్చుంది. ఆయన మొదలుపెట్టాడు.

ఆ రోజు స్వేదనం. మరిగే ద్రవంలోంచి ఆవిరిని పక్క గొట్టంలోకి పంపి, చల్లార్చి, బొట్లుగా పట్టడం. మొదటి పావుగంట బోర్డు దగ్గరే చెప్పాడు. మామూలుగా అయితే ఆ తర్వాత కూర్చుని చూస్తాడు. ఆ రోజు కూర్చోలేదు. బల్ల బల్లకీ వెళ్ళాడు. గాజు అతుకు దగ్గర గ్రీజు ఎంత రాయాలో వేలితో చూపించాడు. నీళ్ళ గొట్టం కిందనుంచి ఎక్కించి పైనుంచి ఎందుకు వదలాలో ఇరవై మందినీ ఒక్కొక్కరినీ అడిగాడు. మరగడం మొదలయ్యాక, అందరూ నోరు మూసుకుని చూసే ఆ సమయంలో కూడా ఆయన నోరు ఆగలేదు. "ఈ బుడగ చూడు, ఎక్కణ్ణించి పుట్టింది? గీత పడ్డ చోటునుంచి. గాజులో గీత ఎక్కడుంటే అక్కడ." పిల్లలు మొదట నవ్వారు. తర్వాత నిజంగానే వంగి చూశారు. పాఠం చెప్పడం అంటే అదీ. చుక్కల మేడం వేలు మీట నొక్కుతూ, వదులుతూ ఉంది.

రెండు గంటలు గడిచేసరికి అరవై ఒకటి. ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. మొహం పాలిపోయింది. ఒక అమ్మాయి స్టూలు లాక్కొచ్చింది. "వద్దమ్మా, ఇవాళ కాదు," అని పక్కకి నెట్టేశాడు. ఎడమ కాలు ఈడుస్తూ నాలుగో బల్లకి వెళ్ళాడు. అక్కడ ఫ్లాస్కుకి సన్నగా పగులు వచ్చింది. మంట ఆపించి, అందర్నీ పిలిచి, ఆ పగులు ఎలా మొదలవుతుందో, చెవికి ఎలా వినపడుతుందో, వినపడగానే ఏం చేయాలో చెప్పాడు. పది నిమిషాలు. ఇరవై తలలు ఆయన చుట్టూ. ఎవరూ ఫోను చూడలేదు. పదకొండేళ్ళలో తాను ఒక్కనాడైనా ఇంత బాగా చెప్పిందా అని ఆవిడకి అనిపించింది.

అయిదయింది. పిల్లలు కోట్లు విప్పుకుంటూ వెళ్ళిపోయారు. ఆయన అప్పుడు కూర్చున్నాడు. కూర్చోవడం కూడా కాదు, కూలబడ్డాడు. రెండు చేతులతో మోకాలు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఆవిడ వాచీ చూసింది. తొంభై నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు.

బల్ల మీద కాగితం ఉంది. "బోధన: … నిమిషాలు" అని ఒక్క చుక్కల గీత. దాని కింద రెండు సంతకాలకి చోటు. గళ్ళు లేవు, వివరాలు లేవు. ఆవిడ మాట ఒక్కటే చాలునని కమిటీ అనుకుంది కాబట్టి కాగితం అంత చిన్నదిగా చేశారు.

కిటికీలోంచి నాలుగో భవనం కనిపిస్తోంది. మెట్ల మీద పిల్లలు చుట్టలు చుట్టిన కాగితాలు చంకన పెట్టుకుని దిగుతున్నారు. అంత దూరం నుంచి ఎవరు ఎవరో తెలియదు. భౌతికశాస్త్రం ఆవిడ ఏడుపు గుర్తొచ్చింది. ఆమె భర్త మంచం గుర్తొచ్చింది. వాచీ మీట నొక్కిపట్టింది. అంకెలన్నీ సున్నాలయ్యాయి. తర్వాత గుండ్రటి అక్షరాలతో, ఎప్పుడూ రాసేటంత శుభ్రంగా, ఎనభై ఆరు అని రాసింది.

సంతకం పెట్టి కాగితం ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన కళ్ళు తెరిచి, జేబులు తడుముకున్నాడు.

"కళ్ళజోడు బోర్డు దగ్గర వదిలేశాను. లేవలేను గానీ, ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించు."

"చదవవా బాబాయ్?"

"నువ్వు రాసింది చదివేదేంటే!"

ఆవిడ వేలు పెట్టింది. ఆయన దాని పక్కనే సంతకం చేశాడు. కాగితం ఇస్తూ, పిల్లవాడిలా గొంతు తగ్గించి అడిగాడు.

"దాటానా?"

"చెప్పకూడదు బాబాయ్. నిబంధన."

"అవునవును, మర్చిపోయాను," అని నవ్వాడాయన, కోటు అంచుతో మొహం తుడుచుకుంటూ. "వెళ్ళు తల్లీ, ఆఫీసు మూసేస్తారు."

ఆఫీసు మూయకముందే ఆవిడ కాగితం ఇచ్చేసింది.